పిడుగు కావాలా, కందిచేను కావాలా

తాండూరు,
20 ఫిబ్రవరి 1964

అన్న బీరన్నకు చెల్లెలు సుమిత్ర దండాలు.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడదామని కలం పట్టాను గానీ, మొదటి మాటే అబద్ధం రాయడానికి మనసొప్పలేదు. ఒంట్లో బాగానే ఉంది. నీ మేనకోడలు మైసమ్మ కూడా బాగానే ఆడుకుంటోంది. ఇంట్లోనే నిప్పులు రాలుతున్నాయి.

సంగతి చెబుతాను విను. మీ బావ తాండూరు ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్ అయిన నాటి నుంచి బండల గని నుంచి ఇంటికి ఒక్కడే వచ్చిన రోజు లేదు. మొన్న మంగళవారం, రంజాన్ పండుగ వెళ్లిన రెండు మూడు నాళ్లకే, జట్టు మొత్తాన్నీ వెంటేసుకొచ్చాడు. చెప్పా లేదు, పెట్టా లేదు. వాకిట్లో కూర్చోబెట్టి, "రొట్టెలు జెయ్యి, పోరగాండ్లు ఆకలి మీదున్నరు" అన్నాడు. ఇంట్లో ఉన్న పిండి మా ముగ్గురికి సరిపోయేంత. పక్కింటి ఉమ్రావ్ బేగం దగ్గర జొన్నపిండి అడిగి తెచ్చి, పొయ్యి ముందు కూర్చుని చేతులు కాలేదాకా చేశాను. ఆఖరి రొట్టె ముర్తుజా అనే పిల్లవాడి పళ్లెంలో పడింది. నాకూ మైసమ్మకూ పిండి డబ్బా అడుగు మిగిలింది.

అంతవరకూ ఓర్చుకున్నాను. చెయ్యి కడుక్కుంటూ మీ బావ అందరి ముందరా అన్న మాటకు మాత్రం ఓర్చుకోలేకపోయాను. "కూరల ఉప్పు జర తక్కువైంది" అన్నాడు.

"ఇది ఇల్లా, సరాయిఖానానా? వచ్చెటోళ్లకు పోయెటోళ్లకు వండివెట్టనీకి నేనేమన్న నౌకరుకు కుదిరిన్నా?" అని నేనూ అందరి ముందరే అడిగాను. కుర్రాళ్లు తలలు దించుకున్నారు. ఆయన మొహం ఎర్రబడింది.

"నా ఇంట్ల నా మనుషులకు తిండివెడితే నీకేమైతుంది? నాకెరుకే, మీ వికారాబాదోళ్లే గెల్వాలెనని నీ కడుపుల ఉన్నది" అన్నాడు.

అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. మైసమ్మే మా ఇద్దరికీ తపాలా బంట్రోతు. "మీ నాయనకు చెప్పు, నీళ్లు తోడిన అని" అంటాను. "మీ అమ్మకు చెప్పు, నాకొద్దు అని" అంటాడు. ఐదేళ్ల పిల్ల అటూ ఇటూ తిరిగి విసిగిపోయి, నిన్న మా ఇద్దరినీ వదిలి ఉమ్రావ్ బేగం ఇంట్లో అన్నం తిని పడుకుంది.

నువ్వు వచ్చి తగువు తీర్చమని అడగడం లేదు. నువ్వూ వదినా పోట్లాడుకుంటే ఎట్లా సర్దుకుంటారో అది రాయి చాలు. నాకు పెళ్లిలో అన్నీ నేర్పారు గానీ మొగుడితో ఎట్లా పోట్లాడాలో ఒక్కరూ నేర్పలేదు.

అమ్మ మోకాళ్ల నొప్పులు ఎట్లా ఉన్నాయి? తప్పకుండా రాయి.

కోపంలో ఉన్నా నీ చెల్లెలినే,
సుమిత్ర

వికారాబాదు,
26 ఫిబ్రవరి 1964

చెల్లెలు సుమిత్రకు అన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం దుకాణంలో అందింది. గొంగళ్లు మడతపెడుతూ చదివాను. ఉప్పు సంగతి దగ్గరికొచ్చేసరికి, "మా చెల్లె కూరకు వంక వెడతడా వాడు!" అని గట్టిగా అరిచానట. గొంగడి బేరం చేస్తున్న కుల్కచర్ల ఆసామి, తననే అన్నాననుకుని లేచి వెళ్లిపోయాడు. ఒక బేరం మీ ఆయన నర్సప్ప ఖాతాలో పోయింది.

ఉపాయం అడిగావు. చెబుతున్నాను. నేను మీ వదినతో పోట్లాడనే పోట్లాడను. ఆమె గొంతు లేచిందంటే చెప్పులు వేసుకుని దుకాణానికి వచ్చేస్తాను. సాయంత్రం ఇంటికి పోయేసరికి అంతా చల్లబడి ఉంటుంది. నువ్వు ఆడదానివి, బయటికి పోలేవు కాబట్టి నోరు మూసుకో. ఒక్క మాట కూడా మాట్లాడకు. మగవాడు మాటకు మాట చెప్పగలడు గానీ మౌనానికి జవాబు చెప్పలేడు. వాడే దిగొస్తాడు. ఇది రాస్తుంటే మీ వదిన ఈశ్వరమ్మ పక్కనుంచి, "సల్లబడుడు గాదు, నేను అలిసిపోవుడు. గది గూడ రాయి" అంటోంది. రాశాను.

ఇక మా సంగతి. పోయిన ఏడాది స్టేషన్ వెనక మైదానంలో షీల్డు ఆట ముగియకముందే రాళ్లు లేచిన సంగతి నీకు తెలుసు. మా ఆటగాళ్లను మీరు లాక్కున్నారని మేము, మేమే లాక్కున్నామని మీరు. ఈసారి పెద్దమనిషి అంజిలయ్య కూర్చుని తేల్చాడు. ఎవరికీ ముందుగా జట్టు ఉండదు. వికారాబాదు, తాండూరు, నవాబుపేట, పూడూరు, కుల్కచర్ల కుర్రాళ్లంతా ఒకే కుప్ప. చిన్నప్పుడు మందల దగ్గర మనం ఉద్దులు పట్టి ఆడుకునేవాళ్లం గుర్తుందా, అదే పద్ధతి. ఆటలో సరిజోడైన ఇద్దరు ఉద్ది పట్టాలి. భుజాల మీద చేతులేసుకుని దూరం పోయి, ఎవరికీ వినపడకుండా తలా ఒక పేరు పెట్టుకుని రావాలి. వచ్చి "చిలుక కావాలా, చింతకాయ కావాలా" అని అడగాలి. వంతు వచ్చిన కెప్టెన్ ఒక పేరు కోరుకోవాలి. ఆ పేరుగలవాడు అతని జట్టు, మిగిలినవాడు అవతలి జట్టు. తరువాతి ఉద్దికి రెండో కెప్టెన్ వంతు. మా కెప్టెన్‌ను నేను, మీ కెప్టెన్ నీ మొగుడు. ఎవడు ఏ పేరు పెట్టుకున్నాడో తెలియదు కాబట్టి మోసానికి చోటు లేదు.

అజమత్ మాత్రం నా వైపు రావాలని మొక్కుకుంటున్నాను. మన గల్లీ పిల్లవాడు, నా దుకాణం ముందు గుడ్డ బంతి తన్నుతూ పెరిగినవాడు. వాడి కాలికి తగిలిన బంతి ఆగదు. వాడికి సరిజోడు మీ ముర్తుజా ఒక్కడే. అన్నట్టు, ముర్తుజా మోకాలికి దెబ్బ తగిలిందని విన్నాను, నిజమేనా? తగ్గిందా? ఊరికే అడుగుతున్నాను.

నోరు మూసుకుని ఉండు. గెలుపు నీదే.

ఆశీర్వదిస్తూ,
నీ అన్న బీరన్న

తాండూరు,
4 మార్చి 1964

అన్నకు దండాలు.

నీ ఉపాయం పాటించాను. మైసమ్మతో చెప్పించే మాటలు కూడా మానేశాను. ఆయన దిగిరాలేదు సరికదా, నిన్న కుర్రాళ్లతో "మస్తు సల్లగున్నది ఇల్లు" అన్నాడు. ఉప్పు తక్కువన్నాడని అసలు ఉప్పే వేయకుండా కూర వండాను. చప్పుడు చేయకుండా తిని లేచాడు. ఆ చప్పిడి తిండి నేనూ తినాల్సి వచ్చింది. మాట్లాడకపోతే కోపం చల్లారుతుందన్నావు. నాలో అది చల్లారలేదు, పులిసింది. ఇదివరకు ఉప్పు మీద ఉన్న కోపం ఇప్పుడు ఆయన నడక మీద, దగ్గు మీద, తలపాగా చుట్టుకునే తీరు మీద కూడా వస్తోంది.

ఇంకా విను, ఎటువంటి మనిషితో కాపురం చేస్తున్నానో. నిన్న పొయ్యి దగ్గర కూర్చున్నాను. గోడ అవతల వాకిట్లో ఆయన కుర్రాళ్లకు పాఠం చెబుతున్నాడు. గుసగుస కూడా కాదు, బాజాప్తాగా చెబుతున్నాడు.

"మనోళ్లు ఎవ్వనితోని ఉద్ది వట్టినా పేర్లు మీరే పెట్టుండ్రి. ఇద్దర్ల గట్టిగ ఆడెటోనికి ఆకాశంల ఉండెటి పేరు. మబ్బో, చుక్కో, పిడుగో. రెండోనికి భూమ్మీది పేరు. చేనో, బండో, బావో. నా వంతొచ్చినప్పుడు నేను ఆకాశమే కోరుకుంట. సమజైందా?"

అందరూ నవ్వారు. పెద్దమనుషుల ముందు తలూపి వచ్చి, వెనక నుంచి గోడకు కన్నం వేస్తున్నాడు. నాతో మాట్లాడటానికి మాటలు లేని మనిషికి మోసం చెప్పడానికి ఎన్ని మాటలు!

నీకు ఇది రాస్తున్నది మైదానంలో వాడుకోమని కాదు. కడుపులో పెట్టుకోలేక రాస్తున్నాను. ఇంకెవరితో చెప్పుకోను? అన్నవని చెప్పాను, కెప్టెన్‌వని కాదు.

ముర్తుజా మోకాలి సంగతి నాకు తెలియదు. అమ్మ మోకాళ్ల సంగతి అడిగాను, నువ్వు రాయలేదు.

నీ చెల్లెలు,
సుమిత్ర

వికారాబాదు,
16 మార్చి 1964

సుమిత్రా,

ఆశీస్సులు ఈసారి లేవు. ఉన్నవి కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

నిన్న ఆదివారం మైదానంలో ఉద్దులు పట్టారు. ఐదు ఊళ్ల జనం వచ్చారు. మొదటి వంతు నాది. ఇద్దరు వచ్చి "గద్ద కావాలా, గడ్డివాము కావాలా" అన్నారు. ఠక్కున గద్ద అన్నాను. వచ్చినవాడు కదలకుండా ఉన్న బంతిని కూడా తన్నలేడు. పోనీ, పొరపాటు అనుకున్నాను. తరువాతి నా వంతుకు మబ్బు అన్నాను. పూడూరు కోమటి కొట్టులో కూర్చుని ఒళ్లు పెంచిన పిల్లవాడు వచ్చాడు. ఆపై చుక్క అన్నాను. వాడు వచ్చి మన గోలు ఏ వైపు అని నన్నే అడిగాడు. అయినా నీ మాట మీద నమ్మకం పోలేదు చూడు, అది నా బుద్ధి తక్కువ.

చివరికి అజమత్, ముర్తుజా భుజాల మీద చేతులేసుకుని వచ్చారు. "పిడుగు కావాలా, కందిచేను కావాలా" అన్నారు. వంతు నాదే. అజమత్ నా కళ్లలోకి చూస్తూ నిలబడ్డాడు. పిడుగు అన్నాను. మోకాలికి ఆముదపు ఆకు కట్టుకున్న ముర్తుజా కుంటుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అజమత్ కందిచేనట! నా చేతుల మీద పెరిగిన పిల్లవాడు తలవంచుకుని తాండూరు వైపు నడిచాడు.

నీ మొగుడు తన వంతు వచ్చినప్పుడల్లా చేను, బండ, బావి అంటూ పోయాడు. అన్నీ సరిగ్గా తగిలాయి. నాకు అప్పుడు అర్థమైంది. మొగుడితో మాటల్లేవు, కాలిపోతున్నాను, పులిసిపోతున్నాను అని రాసిందంతా నాటకం. ఇద్దరూ ఒక పొయ్యి దగ్గర కూర్చుని నవ్వుకుంటూ రాసి ఉంటారు. తోడబుట్టినవాణ్ణి ఐదు ఊళ్ల ముందు వెర్రివాణ్ణి చేశావు. ఈ పూట దుకాణానికి వచ్చిన ప్రతివాడూ "పిడుగు బీరన్న ఉన్నడా?" అని అడుగుతున్నాడు.

బీరప్ప పండుగకు రావద్దు. నా గడప తొక్కవద్దు. నీకు మొగుడి జట్టు ఉందిగా, ఆ జట్టుకే రొట్టెలు చేసుకో.

మీ వదిన ఏదో చెబుతోంది. అది రాయను.

బీరన్న

తాండూరు,
21 మార్చి 1964

పిడుగు బీరన్నకు,

అవును, ఆ పేరుతోనే పిలుస్తాను. తగిన పేరే పెట్టారు.

నీ ఉత్తరం చదివి మొదట ఏమీ అర్థం కాలేదు. రెండోసారి చదివాను. అర్థమయ్యాక నీ మీద కోపం రావాలో ఆయన మీద రావాలో తేల్చుకోలేక, పిండి కలుపుతున్న చెయ్యి కడుక్కోకుండానే వాకిట్లోకి పోయాను. నెల రోజులుగా పలకని మనిషితో మొదటిసారి నేనే నోరు తెరిచాను.

"గోడ పక్కన నిలవడి నాకు ఇనవడాలెననే చెప్పినవా?"

దాచలేదు. నవ్వాడు. "నీకు గాదే, మీ అన్నకు చెప్పిన. నీ చెవుల వడితే వికారాబాదు చేరుతదని నాకెరుకలేదా? ఆయన నీకు ఉత్తరం రాసేది బంతాట దినాలల్లనే. నీ యోగక్షేమాలు ఎన్నడన్న అడిగిండా? అసలు సంగతి పోరగాండ్లకు గని కాడ చెప్పిన. గట్టిగ ఆడెటోనికి భూమ్మీది పేరు అని."

"అంటే నన్ను ఎరజేసినవా?"

"ఎర ఏమనుకుంటె ఏంది? చేప వడ్డది సూడు" అన్నాడు.

పిండి పళ్లెం గోడకేసి కొట్టాను. అది ఆయనకు తగలలేదు, తగలాలనీ కొట్టలేదు, కానీ తగిలినా నేను బాధపడేదాన్ని కాదు. అప్పుడు ఆయన నవ్వు ఆగింది. "గంత కోపముంటె పో! మీ అన్నింటికే పో!" అన్నాడు.

నేను ఎక్కడికి పోను? నువ్వు గడప తొక్కొద్దన్నావు. ఆయన గడప దాటమన్నాడు. రెండు మాటలూ ఒకే రోజు విన్నాను. తాండూరుకూ వికారాబాదుకూ మధ్య రైలు పట్టాల మీద కాపురం పెట్టుకోవాలా?

వాడుకోవద్దని రాశానా, లేదా? ఆ ఉత్తరం నీ దగ్గరే ఉంటుంది, తీసి చూసుకో. నేను ఏడుస్తూ రాసిన దాంట్లో నీకు నా ఏడుపు కనపడలేదు, అజమత్ కనపడ్డాడు. అంజిలయ్య ముందుకు పోయి "మా బావ ఇట్లా మోసం చేస్తున్నాడు" అని నువ్వు చెప్పి ఉంటే నిన్ను మెచ్చుకునేదాన్ని. చెప్పలేదు. మోసం బయటపెట్టకుండా మోసంలో వాటా తీసుకున్నావు. ఆ వాటా నీకు కుంటికాలితో వస్తే నేను కుట్ర చేశానంటావు.

నేను నాటకం ఆడానన్నావు చూడు, ఆ మాటకు నాకు ఒళ్లు మండినంతగా ఆయన "పో" అన్నప్పుడు కూడా మండలేదు.

సుమిత్ర

వికారాబాదు,
26 మార్చి 1964

నా తల్లీ సుమిత్రా,

నేను తప్పుగా అనుకున్నాను. సరే, అది వదిలేయి. కోపంలో అన్న మాటలు పట్టుకుని కూర్చోకు. గడప నీదే.

ఇప్పుడు నా కోపమంతా నర్సప్ప మీదే. కట్టుకున్న పెళ్లాన్ని ఎర వేస్తాడా? పైగా పొమ్మంటాడా? వచ్చే గురువారం పొద్దుటి బండికి నేను, అంజిలయ్య, మన కులపెద్దలిద్దరు తాండూరు వస్తున్నాం. మీ వాకిట్లోనే కూర్చుని తెగతెంపులు చేయిస్తాను. పెట్టె సర్దుకుని ఉండు, మైసమ్మ బట్టలు కూడా. సాయంత్రం బండికి నిన్ను తీసుకొచ్చేస్తాను. ఇక్కడ నీకు తిండికి లోటా? నా కంచంలో సగం నీదే.

అంజిలయ్యతో నర్సప్ప మోసమంతా చెప్పాను. అటువంటివాడు కెప్టెన్‌గా ఉండటానికి వీల్లేదని ఆయనా అన్నాడు. కెప్టెనే లేకపోతే ఆ జట్టు చెల్లదు. మళ్లీ ఉద్దులు పట్టాల్సిందే. అజమత్ మన వైపు వచ్చే దారి తెరుచుకుంటుంది. షీల్డు ఆటకు ఇంకా రోజులున్నాయి. నీకు జరిగిన అవమానానికి తగిన బదులు తీరుస్తాను, నువ్వు ఫికర్ పడకు.

అమ్మ ఏడుస్తోంది. నాలుగు రోజులు ఏడిస్తే అదే సర్దుకుంటుంది. మోకాళ్లు అట్లాగే ఉన్నాయి. మీ వదిన మాత్రం "పిల్లను అడిగినవా?" అని ఒకటే నస. ఇందులో అడిగేదేముంది?

గురువారం. పెట్టె మరిచిపోకు.

నీ అన్న,
బీరన్న

తాండూరు,
29 మార్చి 1964

అన్నా,

గురువారం రావద్దు. నీకు ఉత్తరం చివరిదాకా చదివే ఓపిక ఉండదు కాబట్టి ఈ ముక్క మొదటే రాశాను. మిగతాది తీరికగా చదువుకో.

నీ ఉత్తరం నిన్న పొద్దున అందింది. ఆయన కుర్రాళ్లతో వాకిట్లో ఉన్నాడు. నేను దాచుకోలేదు. అందరి మధ్యా నిలబడి పైకి చదివాను. తెగతెంపుల దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహంలో నెత్తురు లేదు. వాళ్లతో ఆట సాధనకు వచ్చిన మీ అజమత్ పళ్లెం కింద పెట్టేశాడు. ఆయన లేచి, "నాకు గని కాడ పనున్నది" అని చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

నీకూ ఇదే అలవాటు కదా, అందుకే నాకు తెలిసిపోయింది. వాకిలికి అడ్డం నిలబడ్డాను.

"చెప్పులిడువు. ఇయ్యాల పని లేదు. ఇయ్యాల కొట్లాటనే" అన్నాను.

కుర్రాళ్లు ఒక్కొక్కరే గోడ వెంట జారుకోబోయారు. "మీరు గూడ కూసోండ్రి. నా రొట్టెలు తిన్నరు, నా మాటలు గూడ తినుండ్రి" అన్నాను. కూర్చున్నారు. అజమత్ "ఉస్తాద్, గిట్ల గెలుసుడు నాకొద్దు" అని ఏదో మొదలుపెట్టాడు. "నీ మాట తర్వాత చెప్పు, ఇది నా కొట్లాట" అని వాడి నోరూ మూయించాను.

తరువాత పోట్లాడుకున్నాం అన్నా. ఆరేళ్ల కాపురంలో మేము నిజంగా పోట్లాడుకోవడం ఇదే మొదలు. ఇదివరకు చేసినదంతా అలగడమే. ఉప్పు నుంచి మొదలైంది. ఉమ్రావ్ బేగం కూడా తలుపు దగ్గరికి వచ్చి నిలబడి, మైసమ్మను ఎత్తుకుని వింది గానీ మధ్యలోకి రాలేదు. అందుకు ఆమెకు నేను రుణపడి ఉన్నాను.

"నువ్వు నన్ను అడగలే. తిండికి మనుషుల్ని తెచ్చేటప్పుడు అడగలే, నా చెవులు వాడుకునేటప్పుడు అడగలే" అన్నాను.

"నువ్వు నా మనిషివైతే అడుగుతుంటి. ఆరేండ్ల సంది ఇంటున్న. మా వికారాబాదు, మా వికారాబాదు. నీళ్లు గూడ మా వికారాబాదుల తియ్యగుంటయంటవ్. ఒక్కదినమన్న మా తాండూరు అన్నవా? నేను గెలుస్తె నీ మొకంల సంతోషం ఎన్నడు సూడలే" అన్నాడు. ఆ మాట అని తలపాగా కొసతో కళ్లు తుడుచుకున్నాడు. నేను చూశాను, కుర్రాళ్లూ చూశారు.

నాకు జాలి వేసింది. కానీ జాలి వేసిందని ఊరుకోలేదు. "నువ్వెన్నడన్న మా ఇల్లు అన్నవా? నా ఇల్లు, నా మనుషులు, నా ఇంట్ల! ఆరేండ్ల సంది నీ ఇంట్ల చుట్టం లెక్క ఉన్న. చుట్టానికి తాండూరు మాది ఎట్లయితది?" అన్నాను. చెప్పులు ఎప్పుడు విడిచాడో తెలియదు, గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

నేను ఒకటే అడిగాను. వచ్చే నెల రెండో ఆదివారం మైదానంలో అంజిలయ్య ముందు నిలబడి, పేర్లలో మోసం చేశాను, అందుకు నా భార్యను ఎర వేశాను అని తన నోటితో చెప్పాలి. మళ్లీ ఉద్దులు పట్టాలి. మొదట కుదరనే కుదరదన్నాడు. ఊరిలో తల ఎత్తుకోలేనన్నాడు. "నేను ఎట్ల ఎత్తుకుంటున్ననో గట్లనే ఎత్తుకో" అన్నాను. చివరికి, మొహం అటు తిప్పుకుని సరే అన్నాడు. ఆ తరువాత పొయ్యి దగ్గరికి వచ్చి, "యాడికి పోకు" అని పిండి తడిపాడు. నీళ్లెక్కువై అది జావ అయింది. నేను నవ్వలేదు. నాకింకా కోపంగానే ఉంది.

ఇప్పుడు నీ సంగతి.

నువ్వు నా కోసం కోపపడుతున్నానని రాశావు. నీ ఉత్తరం చూసుకో. పైన నా పెట్టె సర్దించావు, కింద అజమత్‌ను తెచ్చుకున్నావు. నా కాపురం తెగితే నీ జట్టు అతుకుతుందన్నమాట. అమ్మ ఏడిస్తే ఏడవనీ అన్నావు. వదిన అడగమంటే అడిగేదేముంది అన్నావు. నన్ను తిట్టినప్పుడూ అడగలేదు, తీసుకుపోతాననేటప్పుడూ అడగలేదు. ఆయనకూ నీకూ తేడా ఏముందో చెప్పు. ఇద్దరూ కెప్టెన్లే.

ఉద్ది పట్టిన ఇద్దరు దూరం పోయి ఏం చెప్పుకున్నారో కెప్టెన్‌కు చెప్పరు. మొగుడూ పెళ్లాల సంగతీ అంతే. నేను చెప్పాను, అది నా తప్పే. ఇక చెప్పను. నువ్వు కూడా ఇక అడగకు. ఆ ఆదివారం నువ్వూ మైదానంలో నిలబడి, మోసం ముందే తెలిసి దాచాను, చెల్లెలు వద్దన్నా వాడుకున్నాను అని చెప్పు. చెప్పకపోతే నేనే చెబుతాను. ఆ రోజు పొద్దుటి బండికి మైసమ్మను తీసుకుని నేనూ వస్తున్నాను. స్టేషన్ నుంచి నేరుగా మైదానానికే వస్తాను, నీ ఇంటికి కాదు. అక్కడ ఆయన మీద నువ్వు చెయ్యెత్తితే ముందు నేను అడ్డం వస్తాను. ఆయన నీ మీద ఎత్తినా అంతే. అమ్మను, వదినను అక్కడికే రమ్మను, చూసి చాలా రోజులైంది.

నువ్వు రావద్దన్నావు, తరువాత తీసుకుపోతానన్నావు. ఆయన పొమ్మన్నాడు, ఇప్పుడు ఉండమంటున్నాడు. మీ ఇద్దరి వంతులూ అయిపోయాయి. నన్ను ఎవరూ కోరుకోనక్కరలేదు. పెట్టె సర్దలేదు, సర్దను. ఈ ఇంట్లోనే ఉంటాను. ఆయన ఉండమన్నాడని కాదు. ఆయనతో నా కొట్లాట ఇంకా అయిపోలేదు.

నీ చెల్లెలు,
సుమిత్ర